ఒట్టావాలో టీబీ, నాతోపాటు ఒక ఇన్యూట్ కుటుంబం

నాకు టీబీ వచ్చింది. ఇండియాలో కాదు, కెనడాలో, ఒట్టావాలో, ఉద్యోగం, ఇల్లు అన్నీ కుదురుకున్నాక. మాది మదనపల్లె వైపు, అక్కడి టీబీ ఆసుపత్రి ఆరోగ్యవరం శానిటోరియం పేరు చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని. అయినా జబ్బు పేరు చెప్పగానే మా అత్తమ్మ ఫోన్లో "నిమోనియా అని చెప్పుకుందాంలేమ్మా, మన పాపకి సంబంధాలు చూస్తున్నాం కదా" అన్నారు. ఆవిడ భయం నాకు అర్థమైంది. కానీ ఆ మందులు మింగిన కాలంలో నాకు నిజంగా ధైర్యం దొరికింది క్లినిక్‌లో పరిచయమైన ఒక ఇన్యూట్ (కెనడా ఉత్తరపు మంచు ప్రాంతాల ఆదివాసులు) కుటుంబం దగ్గర, అందుకే ఇందులో నా కథ కంటే వాళ్ల కథే ఎక్కువ ఉంటుంది. వాళ్ల పేర్లు, సొంత ఊరు రాయడం లేదు. ఇలా రాస్తానని అడిగితే రాయమన్నారు.

ముందు నా సంగతి. మొదట దగ్గు. చలికాలం ఇక్కడ అందరూ దగ్గుతూనే ఉంటారు. ఒక క్లినిక్‌లో యాంటీబయాటిక్ రాసిచ్చారు, కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, బయట మైనస్ ఇరవై ఉన్న రాత్రుల్లో కూడా చెమటతో తడిసి బట్టలు మార్చుకునేదాన్ని, అన్నం సయించేది కాదు. కళ్లెలో రక్తపు చార కనిపించాక ఎమర్జెన్సీకి పరిగెత్తాం. ఎక్స్‌రే తీశాక నన్ను గదిలోని గాలి బయటి వార్డులోకి పోకుండా కట్టిన ఒంటరి గదిలో పెట్టారు. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరూ బిగుతు మాస్క్ వేసుకుని వచ్చేవాళ్లు, మా ఆయన కూడా. ఎప్పుడో ఇండియాలో ఒంట్లో చేరిన క్రిమి ఇన్నేళ్లు నిద్రపోయి ఇప్పుడు లేచిందని డాక్టర్ చెప్పారు. కెనడాలో టీబీ వచ్చేవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది నాలాగా వేరే దేశాల్లో పుట్టినవాళ్లేనట. జనాభా లెక్కన చూస్తే మాత్రం అందరికంటే ఎక్కువగా ఈ జబ్బు పట్టి పీడిస్తున్నది ఇన్యూట్ ప్రజలని.

మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత రెండు రకాలు. వాటిలో రిఫాంపిన్ అనే మందు వల్ల మూత్రం, ఒక్కోసారి కన్నీళ్లు కూడా నారింజ రంగులోకి మారతాయి, ముందే చెప్పకపోతే గుండె ఆగినంత పనవుతుంది. పొద్దున్నే మాత్రలు వేసుకుంటే మధ్యాహ్నం దాకా వికారం. మా ఆయన ఇండియన్ స్టోర్ నుంచి రాగి పిండి తెచ్చి, యూట్యూబ్ చూసి, ఉండలు కట్టిన సంగటి చేసి పెడితే అది తిన్న రోజు నాకు ఒంట్లోకి ప్రాణం వచ్చింది. అంతకు ముందు ఆసుపత్రి ట్రేలో వచ్చిన జెల్లీ, ఉడకబెట్టిన క్యారెట్ చూస్తేనే కడుపులో తిప్పేది.

ఆ ఇన్యూట్ కుటుంబంలోని ఆమె పరిచయం అయింది టీబీ క్లినిక్‌లో, ఇద్దరివల్లా ఇంకెవరికీ అంటదని తేలాక. నా వయసే ఉంటుంది. పక్కన వాళ్లమ్మ, పెద్దావిడ, ఇంగ్లీష్ తక్కువ. రక్తపరీక్ష కోసం చొక్కా చేయి పైకి లాగినప్పుడు ఆమె భుజం మీద మచ్చ చూశాను, నాకున్నలాంటి బీసీజీ మచ్చే. కెనడాలో చాలాచోట్ల ఆ టీకా ఇప్పుడు వేయరు, ఉత్తరాన ఇన్యూట్ ఎక్కువగా ఉండే నునావుట్‌లో మాత్రం పుట్టిన పిల్లలకి వేస్తారు. నేను నా చేయి చూపించాను. పెద్దావిడ నవ్వి నా మచ్చ మీద వేలు పెట్టి చూశారు. మాటలు అక్కడ మొదలయ్యాయి.

ఇన్యూట్ అంటే మన బడి పుస్తకాల్లో ఇగ్లూ బొమ్మ పక్కన నిలబెట్టి చూపించినవాళ్లే. ఉత్తరాన వాళ్ల సొంత ప్రాంతం బయట, ఇన్యూట్ ఎక్కువగా ఉన్న నగరం ఒట్టావానే. కారణం ఆసుపత్రి, చదువు, ఇల్లు, పని. నునావుట్ రాజధాని ఇకాలుయిట్ ఇక్కడికి సుమారు 2,000 కిలోమీటర్లు, రోడ్డు లేదు, విమానంలో మూడు గంటలు. ఇకాలుయిట్ ఉన్న బాఫిన్ ప్రాంతంలో పెద్ద స్కాన్, క్లిష్టమైన కాన్పు, క్యాన్సర్ చికిత్స, ఏదైనా కావాలంటే ఒట్టావాకే పంపుతారు. కొందరు తిరిగి వెళతారు, కొందరు ఉండిపోతారు. ఈ కుటుంబం కూడా ఒక ఆపరేషన్ కోసం వచ్చి వేనియర్ వైపు అద్దె ఇంట్లో ఉండిపోయింది.

నాకు టీబీ అంటే సిగ్గు. పెద్దావిడకి టీబీ అంటే ఓడ. 1950ల్లో సి. డి. హౌ అనే ప్రభుత్వ ఓడ వేసవిలో ఉత్తర తీరాల వెంట తిరిగి ఓడలోనే ఎక్స్‌రేలు తీసేది. ఊపిరితిత్తుల్లో మచ్చ కనబడితే చాలామందిని ఒడ్డుకి దిగనివ్వకుండా, ఇంట్లోవాళ్లకి చెప్పి రానివ్వకుండా, అటునుంచి అటే దక్షిణాన హామిల్టన్ లాంటి ఊళ్లలోని శానిటోరియాలకి తీసుకెళ్లిపోయారు. 1956 నాటికి ప్రతి ఏడుగురు ఇన్యూట్‌లో ఒకరు అలా శానిటోరియంలో ఉన్నారు. పెద్దావిడ వాళ్లమ్మని అలాగే తీసుకెళ్లారు, ఈవిడ అప్పుడు చంటిపిల్ల. ఆమె తిరిగి రాలేదు. ఎక్కడ పూడ్చారో చాలా ఏళ్లు ఎవరూ చెప్పలేదు. 2019 మార్చి 8న అప్పటి ప్రధాని ట్రూడో ఇకాలుయిట్‌కి వెళ్లి దీనికంతటికీ క్షమాపణ చెప్పారు, పోయినవాళ్ల సమాధులు వెతికిపెట్టే నానిలావుట్ అనే పని కూడా అప్పుడే బయటికి ప్రకటించారు.

నాకు కడుపు మండే విషయం ఇంకొకటి ఉంది. సరిగ్గా ఆ 1956లోనే మద్రాసులో టీబీ కేంద్రం పెట్టి, ఇరుకిళ్లలో ఉండే పేద రోగుల్లో సగం మందికి శానిటోరియంలో, సగం మందికి ఇంట్లోనే మందులిచ్చి పోల్చి చూశారు. 1959లో ఫలితం వచ్చింది: ఇంట్లో ఉన్నవాళ్లకి కూడా దాదాపు అంతే బాగా నయమైంది, కుటుంబంలో మిగతావాళ్లకి జబ్బు అంటుకోవడం కూడా ఏమీ పెరగలేదు. ప్రపంచం మొత్తం ఆ ఫలితం చూసి దారి మార్చుకుంది. నేను ఇవాళ ఇంట్లో సంగటి తింటూ మందులు వేసుకోగలిగానంటే అది మద్రాసు బస్తీల్లోని ఆ మనుషుల పుణ్యం. ఇక్కడ మాత్రం ఆ తర్వాత కూడా ఓడ తిరుగుతూనే ఉండేది.

ఇప్పుడు ఊహించండి. కూతురికి అదే జబ్బు అని తేలి, ఒంటరి గదిలో పెట్టి తలుపు వేస్తే ఆ తల్లికి ఎలా ఉంటుంది? పెద్దావిడ మూడు రోజులు ఆసుపత్రి కారిడార్ వదల్లేదట. కూతురి పరిస్థితి ఇంకా క్లిష్టం. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆమె తాగుతోంది. టీబీ మాత్రలు కాలేయం మీద భారం వేస్తాయి, వాటితో మద్యం కలిస్తే కామెర్లు వచ్చి మందులే ఆపాల్సి రావచ్చు. అంటే రెండు జబ్బుల నుంచి ఒకేసారి కోలుకోవాలి. ముగ్గురు పిల్లలు. పిల్లల సంక్షేమం వాళ్లు వచ్చి తీసుకెళ్లిపోతారేమోనన్న భయంతో తాగుడు సంగతి ఆమె మొదట డాక్టర్‌కి చెప్పనే లేదు.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఒక సోషల్ వర్కర్ ఇంటికి వచ్చినప్పుడు పెద్దావిడ చిన్న మనవరాలిని "అమ్మా" అని పిలవడం విని, ముసలావిడకి మతి స్థిమితం లేదేమో, పిల్లల్ని ఈవిడ దగ్గర ఉంచొచ్చా అని రాసుకుంది. అసలు సంగతి, ఆ పాపకి పెట్టింది ఓడలో వెళ్లి తిరిగిరాని ఆ తల్లి పేరు. ఇన్యూట్ ఇళ్లలో పోయినవాళ్ల పేరు పుట్టినవాళ్లకి పెడితే ఆ వరస కూడా వస్తుంది, ఆ పాప పెద్దావిడకి నిజంగానే అమ్మ అవుతుంది. ఇది ఆమె నాకు చెబుతుంటే నేను ఏడ్చేశాను. మా నాన్న మా అక్కని పేరు పెట్టి ఒక్కసారి కూడా పిలవలేదు, వాళ్లమ్మ పేరు పెట్టారని "అమ్మా" అనే పిలుస్తారు. మన ఊళ్లో ఎవరికైనా దీన్ని వివరించాలా? ఆ సోషల్ వర్కర్ చెడ్డ మనిషని నేననను, కానీ తెలియనితనం ఒక కుటుంబాన్ని విడదీసే దాకా వెళ్లింది.

విడిపోకుండా ఆపింది ఇన్యూట్ సంస్థ నుంచి వచ్చిన ఒక సహాయకురాలు, ఆవిడా ఇన్యూట్. ఒట్టావాలో ఇలాంటి సంస్థలు గట్టిగా పనిచేస్తున్నాయి. తుంగసువ్వింగత్ ఇన్యూట్ 1987 నుంచి ఉంది, వాళ్లు 2003లో మామిసార్విక్ అని వ్యసనం, మానసిక గాయాలు రెండింటికీ కలిపి ఇన్యూట్ పద్ధతిలో చికిత్స మొదలుపెట్టారు. పిల్లలకి, కుటుంబాలకి ఇనూకతిగీట్ కేంద్రం, డాక్టర్లకి అకౌసివిక్ క్లినిక్ ఉన్నాయి. ఆ సహాయకురాలు వచ్చి చేసినవి పైకి చాలా మామూలు పనులు. జబ్బు గురించి పెద్దావిడకి వాళ్ల భాష ఇనుక్టిటుట్‌లో చెప్పింది, ఎన్ని రోజుల్లో కూతురు బయటికి వస్తుందో కూడా. పిల్లల్ని వాళ్ల పిన్ని ఇంట్లో ఉంచేలా కాగితాలు నడిపించింది. పేర్ల సంగతి ఆఫీసు వాళ్లకి రాసి పంపింది. పిల్లలకి జబ్బు రాకుండా ముందుగా ఇచ్చే మాత్రల కోసం దగ్గరుండి తీసుకెళ్లింది.

తిండి కూడా. నాకు రాగి పిండి బస్సెక్కితే దొరుకుతుంది. ఆమెకి కావాల్సిన సీల్ మాంసం, కారిబూ అనే జింక మాంసం, ఆర్కిటిక్ చార్ చేప ఈ ఊరి సూపర్‌మార్కెట్‌లో దొరకవు, ఉత్తరం నుంచి వచ్చేవాళ్లు కూలర్లలో పెట్టి విమానంలో తేవాలి. అలా వచ్చిన రోజు నన్ను ఇంటికి పిలిచారు. నేల మీద అట్టలు పరిచి, గడ్డకట్టిన మాంసం మధ్యలో పెట్టి, అర్ధచంద్రాకారంలో ఉండే ఉలూ కత్తితో కోసుకుంటూ అందరూ చుట్టూ కూర్చుని తిన్నారు. పచ్చిది నేను తినలేకపోయాను, నాకు చార్ చేప పులుసు, బానక్ రొట్టె పెట్టారు. ఆసుపత్రిలో వారాల తరబడి ట్రే వెనక్కి పంపిన మనిషి ఆ రోజు ఎంత తిన్నదో చూస్తే, తిండి మందులో భాగం కాదని ఎవరైనా ఎలా అంటారో నాకు అర్థం కాలేదు.

తాగుడు మానడానికి ఆమె అంతకు ముందు మామూలు గ్రూప్‌లకి వెళ్లింది. కుర్చీల్లో గుండ్రంగా కూర్చోబెట్టి, నీ కథ చెప్పు అంటే నోరు పెగల్లేదట. ఇన్యూట్ బృందంలో సీల్ నూనెతో వెలిగే కుల్లిక్ దీపాన్ని ఒక పెద్దావిడ వెలిగిస్తారు, తర్వాత అందరూ కుట్టుపనికి కూర్చుంటారు, తోలు చేతితొడుగులు, పిల్లల్ని వీపున మోసే అమౌటి కోట్లు. చేతులు పనిలో ఉంటాయి, కళ్లు సూది మీద ఉంటాయి, ఎవరి మొహమూ ఎవరూ చూడక్కర్లేదు. తమ్ముడి మాట ఆమె మొదటిసారి అక్కడ ఎత్తింది. మధ్యలో ఒకసారి మళ్లీ తాగింది కూడా. ఎవరూ పేరు కొట్టేయలేదు, మరుసటి వారం ఇంటికి వచ్చి తీసుకెళ్లారు. రక్తపరీక్షలో కాలేయం సంఖ్యలు దిగి, టీబీ మందులు పూర్తయ్యాయి. నావి కొంచెం ముందు అయిపోయాయి.

నాకు నయమయ్యాక అత్తమ్మకి చెప్పాను, ఇక నిమోనియా అని చెప్పొద్దని. ఆడపడుచు పెళ్లిలో ఎవరో అడిగితే టీబీ వచ్చింది, తగ్గింది అని నేనే చెప్పాను.

ఒట్టావా ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో, ఫార్మసీల్లో మనవాళ్లు చాలామంది పనిచేస్తున్నారు, వాళ్ల కోసం ఇది. ఇన్యూట్ పేషెంట్ వస్తే ఇంటర్‌ప్రెటర్ కావాలా అని మొదటే అడగండి, పిల్లల చేత అనువాదం చేయించకండి. ప్రశ్న అడిగాక ఆగండి, వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. కనుబొమలు పైకి ఎగరేస్తే అవునని, ముక్కు చిట్లిస్తే కాదని వాళ్లు సమాధానం చెప్పేసినట్టే, "స్పందన లేదు" అని ఫైల్లో రాయకండి. బయటి నుంచి తిండి తెస్తే, డైట్ అడ్డురానంత వరకు తిననివ్వండి. ఒక్కరే వచ్చి ఉంటే ఇన్యూట్ సంస్థలకి కబురు చేయమంటారా అని అడగండి. వాళ్లు సరే అంటే ఆ రోజే ఫోన్ చేయండి, డిశ్చార్జ్ దాకా ఆగకుండా.