పాతిక స్పీడులో కందుకూరు నుంచి నెల్లూరుకి

మా పెదనాయన అంబాసిడర్ పొగాకు షెడ్డులోకి వెళ్లి పదకొండేళ్లయింది. 1972 బండి, మార్క్ టూ. యాభై ఏళ్లు దాటింది కాబట్టి 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చని, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయని, ఇరవై వేలు ఫీజని, పదేళ్లు చెల్లుతుందని నేనే నోరు జారి చెప్పా. అంతే, ఆయన పట్టుకున్నాడు. "అయితే మనవరాలి పెళ్లికి దాన్లోనే పోదాం రా అబ్బయా" అన్నాడు. వింటేజ్ బండిని రోజువారీ వాడుకోకూడదు పెదనాయనా, ఎగ్జిబిషన్లకీ ర్యాలీలకీ రిపేరుకీ తప్ప బయటికి తీయకూడదు అంటే, "పెళ్లి ఎగ్జిబిషన్ కాకపోతే ఇంకేంది" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

ఇంజిన్ పట్టేసింది. కందుకూరులో ఇద్దరు మెకానిక్‌లు బానెట్ ఎత్తి చూసి, దించేసి, టీ తాగి వెళ్లిపోయారు. చివరికి నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, అందరూ భాయ్ అనే పిలుస్తారు, "బండి నా దగ్గరికి తెస్తే చేస్తా, నేను మాత్రం కదల్లేను, మోకాళ్లు" అన్నాడు. కందుకూరు దగ్గర మా ఊరి నుంచి సింగరాయకొండ మీదుగా హైవే ఎక్కి నెల్లూరు అంటే వంద కిలోమీటర్ల పైచిలుకు. సింగరాయకొండ పోవడమంటే కాస్త వెనక్కి పోయినట్టే, కానీ లోపలి రోడ్లలో గుంతలకి భయపడ్డా.

తెలివున్నవాడెవడైనా ఫ్లాట్‌బెడ్ లారీ మాట్లాడుకుంటాడు. నేనూ మాట్లాడా. వాళ్లు వచ్చి మా సందు చూసి, మా షెడ్డు ముందున్న వేపచెట్టు చూసి, లారీ లోపలికి రాదన్నారు. కారుని రోడ్డు దాకా తోసి అక్కడ ఎక్కించుకోవచ్చుగా అంటారా, అదే ఇప్పుడు నేనూ అనుకుంటున్నా. అప్పుడు మాత్రం మా బావమరిది "టో బార్ చేయిస్తే మన బొలెరోకే తగిలించుకుని పోవచ్చు" అనేసరికి మహా ఉత్సాహం వచ్చింది.

తాడు కట్టి లాగడం అందరికీ తెలిసిందే. తాడుతో ఇబ్బందేంటంటే ముందు బండి బ్రేకు వేస్తే వెనక బండికి ఆ సంగతి తెలీదు, వచ్చి గుద్దుతుంది. టో బార్ అయితే ఇనుప కడ్డీ కాబట్టి మధ్యలో దూరం మారదు. ఇంగ్లీషు 'ఏ' అక్షరంలా ఉంటుంది, రెండు కాళ్లు వెనక బండికి, కొన ముందు బండికి. కారు నాలుగు చక్రాలూ నేల మీదే దొర్లుతూ వస్తాయి. కందుకూరులో ట్రాక్టర్ ట్రాలీలు చేసే వెల్డింగ్ షాపులో చేయించాం. ఆ షాపు కుర్రాడు మొదట రెండు కాళ్లనీ బంపర్‌కే బిగిద్దాం అన్నాడు. బంపర్ రేకు ముక్క, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే ఊడి చేతికొచ్చేది. బంపర్ బ్రాకెట్లు వెళ్లి కలిసే ఛాసిస్ కమ్మీలకి మందపాటి ప్లేట్లు వేసి, వాటికి కాళ్లు తగిలించాం. బార్ విడిపోతే కారు తన దారిన తాను పోకుండా రెండు గొలుసులు, బార్ కిందుగా ఒకదాని మీదుగా ఒకటి దాటించి. కొన కింద పడినా ఆ గొలుసుల ఉయ్యాలలో పడుతుందన్నమాట, రోడ్డుకి గుచ్చుకోదు.

ఇంకో ముఖ్యమైన పని భాయ్ ఫోన్‌లో పదిసార్లు చెప్పాడు. "ప్రొపెల్లర్ షాఫ్ట్ ఇప్పకుండా తెస్తే గేర్‌బాక్స్ కూడా నాకే ఇచ్చేసి పోవాల." ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటే గేర్‌బాక్స్‌నీ వెనక చక్రాల ఇరుసునీ కలిపే పొడవాటి తిరుగుడు కడ్డీ. న్యూట్రల్‌లో పెడితే చాలనుకున్నా నేను. చాలదంట. ఇంజిన్ తిరిగితేనే గేర్‌బాక్స్ అడుగున షాఫ్ట్ తిరిగి, అది ఆయిల్‌ని పైకి చిమ్ముతుంది. కారుని లాగుకుపోయేటప్పుడు వెనక చక్రాలు పై షాఫ్ట్‌ని తిప్పుతూనే ఉంటాయి, అడుగుది మాత్రం కదలదు, అంటే పైనున్నవన్నీ గంటల తరబడి ఆయిల్ లేకుండా అరుగుతాయి. ఊరి చివర దాకా అయితే ఫరవాలేదు, వంద కిలోమీటర్లకి కుదరదు. కాబట్టి వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ దగ్గర నాలుగు బోల్టులు ఇప్పి, షాఫ్ట్ ముందు కొనని గేర్‌బాక్స్‌లోంచి లాగేసి, ఆయిల్ కారకుండా ఆ నోటికి పాల కవరు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాం. షాఫ్ట్‌ని గోనెసంచిలో చుట్టాం. నాలుగు బోల్టులు పోతాయేమోనని రుమాల్లో మూటగట్టి నా చొక్కా జేబులోనే పెట్టుకున్నా. ఈ జాగ్రత్త గుర్తు పెట్టుకోండి.

చక్రాల బేరింగుల్లో గ్రీజు మార్చాం, అతుక్కుపోయిన బ్రేక్ షూలు ఊడదీశాం, ట్యూబులు కొత్తవి వేశాం. ఫుట్ బ్రేకు పనిచేయదు, పెడల్ నేలకంటుతుంది. హ్యాండ్ బ్రేకు మాత్రం కేబుల్ మీద నడిచేది కాబట్టి బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఇది కూడా గుర్తు పెట్టుకోండి.

ఇక రూల్స్. 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉండేది (2017లో వాటి చోట కొత్తవి వచ్చాయి), ఇలా లాగుకెళ్లే కారు స్టీరింగ్ ముందు లైసెన్సున్న మనిషి కూర్చోవాలి, రెండు బండ్ల మధ్య ఐదు మీటర్లకి మించకూడదు, తెల్ల బోర్డు మీద 'ఆన్ టో' అని నల్లటి పెద్ద అక్షరాలు రాసి పెట్టాలి, గంటకి 24 కిలోమీటర్లు దాటకూడదు. దగ్గర్లోని గ్యారేజీ దాకానే లాగాలని కూడా ఉండేది. అంబాసిడర్ ఇంజిన్ ముట్టుకునే గ్యారేజీల్లో దగ్గర్లోది నెల్లూరుదే అని మాకు మేమే తీర్పు ఇచ్చుకున్నాం.

లైసెన్సున్న మనిషి ఎవరు? బావమరిది రెడీగా ఉన్నాడు. పెదనాయన పంచె సర్దుకుని, ఎవర్నీ అడక్కుండా వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. డెబ్బై ఆరేళ్లు ఆయనకి. లైసెన్సు రెన్యువల్ చేయించుకునే ఉన్నాడు, అదే నాకు ఆశ్చర్యం.

తెల్లారి నాలుగింటికి బయల్దేరాం. ఏప్రిల్ ఆఖరు, ఎండ ఎక్కేలోపు కావలి దాటాలని ప్లాను. షెడ్డులోంచి కారు బయటికి రాగానే ఒక వాసన వచ్చింది, బ్యారన్‌లో (ఆకుని వేడితో ఎండబెట్టే గదిలో) కాల్చిన పొగాకు, ఎలకలు, పాత రెగ్జిన్ కలిసిన వాసన. ఊళ్లో కుక్కలు మాత్రం సింగరాయకొండ రోడ్డెక్కేదాకా సాగనంపాయి.

మొదటి పది కిలోమీటర్లు నాకు చెమటలే. అద్దంలో చూస్తే ఒక కారు నా వెనక ఆరడుగుల దూరంలో ముక్కు మీదికి వస్తున్నట్టు ఉంటుంది, హెడ్‌లైట్లు వెలగకుండా, గుండ్రటి కళ్లేసుకుని. బ్రేకు నొక్కితే వెనక నుంచి ఎవరో చెయ్యి పెట్టి తోసినట్టు ఒక నెట్టు. కారు పదకొండు వందల కిలోల పైనే ఉంటుంది, బొలెరో దానికంటే బరువు కాబట్టి సరిపోయింది, చిన్న కారుతో ఈ పని పెట్టుకుంటే మలుపులో బ్రేకు వేసినప్పుడు వెనక బండే ముందు బండిని తిప్పేస్తుంది.

ఇంకోటి, సింగరాయకొండ దాకా కారు ఎందుకో ప్రతి మలుపులోనూ మొండికేస్తోంది. ముందు చక్రాలు కీచుమంటున్నాయి, బార్ కట్‌కట్‌మంటోంది. నిజానికి స్టీరింగ్‌ని వదిలేస్తే బార్ ఎటు లాగితే ముందు చక్రాలు అటు తిరుగుతాయి, మళ్లీ వాటంతటవే తిన్నగా అవుతాయి. పైగా అంబాసిడర్‌ది ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్, అంటే పళ్ల చక్రం పళ్ల కడ్డీని నేరుగా జరిపే రకం, ఇంకా తేలిగ్గా తిరగాలి. హైవే ఎక్కేముందు ఆపి వెళ్లి చూస్తే ఏముంది, పెదనాయన రెండు చేతుల్తో స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నడుపుతున్నాడు!

"వదిలెయ్ పెదనాయనా, అదే తిరుగుద్ది."

"స్టీరింగ్ వదిలేసి బండి ఎట్టా నడపమంటావురా?"

"నువ్వు నడపట్లేదు."

ఈ మాట అనకుండా ఉండాల్సింది. మొహం అటు తిప్పుకున్నాడు. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు కానీ, అద్దంలో చూస్తూనే ఉన్నా, ఎదురుగా స్టీరింగ్ దానంతటది తిరుగుతుంటే దెయ్యాన్ని చూసినట్టు దానివంకే చూస్తున్నాడు. మలుపొచ్చినప్పుడల్లా ఆయన కుడిచెయ్యి లేచేది, మళ్లీ ఒళ్లోకి దిగేది.

పదహారో నంబరు హైవే మీద పాతిక స్పీడు అంటే ఏంటో చెప్పాలి. రోజూ కార్లో ఎనభైలో పోయే దారే అది, సింగరాయకొండ, ఉలవపాడు, కావలి, బోర్డులు తప్ప ఏమీ కనపడవు. ఈసారి సర్వీస్ రోడ్డు ఉన్నచోటల్లా సర్వీస్ రోడ్డులో, లేనిచోట ఎడమ అంచు పట్టుకుని, నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పాక్కుంటూ పోయాం. సైకిల్ మీద పోయే పాలాయన మాతో పాటు అర కిలోమీటరు మాట్లాడుకుంటూ వచ్చాడు, "ఎంతకి కొన్నారు?" అని. సరుగుడు తోటల్లోంచి వచ్చే గాలికి ఒక ఈల ఉంటుందని నాకు నలభై రెండేళ్లకి తెలిసింది. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు తిరిగే చప్పుడు, పక్కనే రైలు కట్ట మీద చెన్నై వైపు పోయే గూడ్సు. గూడ్సు కూడా మమ్మల్ని దాటిపోయింది.

ఉలవపాడు దగ్గర టీకి ఆగాం. మామిడికాయల సీజను, రోడ్డు పక్కన పందిళ్లు అప్పుడే తెరుస్తున్నారు. టీ తాగి, బోర్డు తాళ్లు బిగించి, బార్ పిన్నులు, గొలుసులు మళ్లీ చూసుకుని కదిలాం. ఆపిన ప్రతిసారీ చెయ్యి పెట్టి చక్రాల నడుమ వేడి చూడాలని రూలు పెట్టుకున్నాం, ఇక్కడా చూశాం, చల్లగానే ఉన్నాయి.

కదిలిన దగ్గర్నుంచీ బొలెరో మూలుగుతోంది. ఎదురుగాలి అనుకున్నా. ఎండకి అనుకున్నా. డీజిల్‌లో కల్తీ అని కూడా అనుకున్నా, నా తప్పు తప్ప అన్నీ తోచాయి. నాలుగైదు కిలోమీటర్లు పోయాక పక్కన ఒక లారీ స్లో అయి, క్లీనర్ కుర్రాడు కిటికీలోంచి సగం బయటికొచ్చి "అన్నా! పొగ! ఎనక పొగ!" అని అరిచాడు.

దిగి పరిగెత్తా. రెండు వెనక చక్రాల్లోంచీ నీలం పొగ, కాలిన వాసన. పెదనాయన టీకి దిగేటప్పుడు అలవాటు ప్రకారం హ్యాండ్ బ్రేకు లాగి దిగాడు. నలభై ఏళ్లు ఆ బండిని ఎక్కడ ఆపినా చేసిన పనే. ఎక్కేటప్పుడు మాత్రం నడిపేది తాను కాదు కదా, దించాలన్న సంగతే గుర్తులేదు. బావమరిది వాటర్ టిన్ను ఎత్తుకొచ్చాడు, నేను చెయ్యి పట్టుకుని ఆపా. ఎర్రగా కాలిన పోత ఇనుము బ్రేక్ డ్రమ్ము మీద నీళ్లు పోస్తే పగుళ్లిస్తుంది. దానంతటది చల్లారాల్సిందే. ముప్పావు గంట పట్టింది.

పెదనాయన తుమ్మచెట్టు కింద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలా. నేనే వెనక్కి ఒక మామిడి పందిరి దాకా నడిచి, బంగినపల్లి ఒక డజను తెచ్చా. ఒకటి కోసి చేతిలో పెట్టా. సగం తిన్నాక అన్నాడు, "తప్పు నీదిరా. నడపట్లేదన్నది నువ్వేగా." తర్వాత నవ్వాడు, నాకు ప్రాణం లేచొచ్చింది.

కావలి ముందు ముసునూరు టోల్‌గేట్ దగ్గర మమ్మల్ని ఏ రకం బండి కింద లెక్కెయ్యాలో వాళ్లకి తెలీక ఒకర్నొకరు పిలుచుకున్నారు, వెనక హారన్లు, చివరికి పక్క లైన్లోంచి పంపారు. కావలి దాటాక నేను చేసిన వెధవ పని ఒకటుంది. డీజిల్ కోసం బంకులోకి తిప్పా, ముందు ట్యాంకర్ అడ్డంగా ఆగి ఉంది, సరే వెనక్కి పోదామని రివర్స్ వేశా. రెండడుగులు కూడా పోలేదు, కారు ముందు చక్రాలు రెండూ అడ్డంగా తిరిగిపోయి బార్ మెలిపడబోయింది. టో బార్ మీద రివర్స్ అనేదే లేదు, ఎంత గొప్ప డ్రైవరైనా సరే. బార్ ఊడదీసి, కారుని చేతుల్తో తోసి, మళ్లీ తగిలించాలి. పిన్ను బిగుసుకుపోయి రాకపోతే బంకు కుర్రాళ్లు కారుని ముందుకీ వెనక్కీ ఊపారు, అప్పుడొచ్చింది. వాళ్లకి ఆరు మామిడికాయలు.

బిట్రగుంట దగ్గర ఎండ నడినెత్తికొచ్చింది. కోవూరు వైపు వచ్చేసరికి వరి కోసిన మళ్లు, గాలిలో గడ్డి వాసన, ఆ తర్వాత పెన్నా వంతెన. నది మధ్యలో ఇసుక, ఒక పక్కన సన్నగా నీళ్లు. దూరంగా రంగనాయకుల స్వామి గాలిగోపురం వైపు తిరిగి పెదనాయన రెండు చేతులూ జోడించాడు. స్టీరింగ్ దానంతటది కాస్త ఎడమకి తిరిగింది. ఆయన పట్టించుకోలా.

ఆటోనగర్ చేరేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. తొమ్మిదిన్నర గంటలు. భాయ్ కర్ర ఊతంతో బయటికొచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక డ్రమ్ములు వాసన చూసి నావైపు చూశాడు, నేను పెదనాయన వైపు చూశా, పెదనాయన ఆకాశం వైపు చూశాడు. భాయ్ కింద అట్టముక్క పరుచుకుని కారు కిందికి తొంగి చూసి మెచ్చుకున్నాడు. "పాల కవరు బాగా కట్టినారే. బోల్టులు ఏడ?"

జేబులోంచి రుమాలు తీసి గర్వంగా చేతిలో పెట్టా. నాలుగూ లెక్కపెట్టుకున్నాడు.

"మరి షాఫ్ట్?"

బావమరిది నా వైపు, నేను బావమరిది వైపు. అది ఊళ్లో, పొగాకు షెడ్డులో, గోనెసంచిలో భద్రంగా ఉంది.

మర్నాడు పొద్దున మా తమ్ముడు దాన్ని కందుకూరు బస్టాండులో ఆర్టీసీ కార్గోలో వేశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి నెల్లూరులో దిగింది.