మరమేకులు ఊడిన ఆదివారం

నాగార్జునసాగర్ జలాశయంలో మొన్న ఆదివారం గాలి ఒక్కసారిగా దిశ మార్చింది. మా చిన్న తెరచాప పడవ ఎడమవైపు బాగా ఒరిగింది. ఆ కుదుపుకు లోతు చూపే సోనార్ తెర ప్లైవుడ్ నుంచి ఊడి తీగ మీద వేలాడింది. నా గుండె ఆగినంత పనైంది. జలాశయం నిండు మట్టం సముద్ర మట్టానికి 590 అడుగుల ఎత్తు. అక్కడి నుంచి నీరు దిగేకొద్దీ మునిగిన గుట్టల కొనలు పడవ అడుగుకు దగ్గరవుతాయి. వాటిని చూపేది ఆ తెర ఒక్కటే.

తప్పు నాదే. పలుచని చెక్కలోకి మరమేకులు దించి సరిపెట్టాను. అలల అదురుకు రంధ్రాలు అరిగి అవి వదులైపోయాయి.

నల్లగొండ చేరాక తమ్ముడూ నేనూ రెండు సాయంత్రాలు దాని మీదే కూర్చున్నాం. చెక్క వెనక మందమైన పలక పెట్టి, రెండింటికీ కలిపి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు దూర్చి, వెడల్పాటి వాషర్లు వేసి, లోపల నైలాను ఉన్న నట్లతో బిగించాం. అవి అదురుకు వదులు కావు. రంధ్రాల అంచులకు ముందే ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పూశాం, లేకపోతే ప్లైవుడ్ తడి పీల్చి కుళ్ళుతుంది. తీగ తెరలోకి వెళ్ళే చోట కిందికి ఒక వంపు ఇచ్చాం, నీటి చుక్క అక్కడే రాలిపోవాలని. 12 వోల్టుల బ్యాటరీని పట్టీలతో కట్టి, దాని పక్కనే ఫ్యూజు వేశాం. పాటల స్పీకరును దిక్సూచికి దూరంగా జరిపాం. స్పీకరులోని అయస్కాంతం ముల్లును పక్కకు లాగుతుంది. ఈ ఒక్క సంగతి పడవ ఉన్న ప్రతివారికీ చెప్పాలని ఉంది.

చివరికి తమ్ముడు ఆ తెరను రెండు చేతులా పట్టుకుని, ఒళ్ళు బరువంతా వేసి లాగాడు. కదలలేదు.