భీష్ముడికి దోసెడు నీళ్ళు

మాఘ శుద్ధ అష్టమి, భీష్మాష్టమి. నరసాపురం వలంధర రేవులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, పురోహితుడు గారు చెప్పినట్టే పలికాను:

వైయాఘ్రపాద గోత్రాయ సాంకృత్య ప్రవరాయ చ
అపుత్రాయ దదామ్యేతత్ జలం భీష్మాయ వర్మణే

ఫలానా గోత్రం వాడు, ఫలానా ప్రవర, బిడ్డలు లేనివాడు, ఆ భీష్ముడికి ఈ నీళ్ళు ఇస్తున్నానని అర్థం. తండ్రి ఉన్నవాడు తర్పణాల జోలికి పోకూడదంటారు. కానీ "జీవత్పితాపి కుర్వీత తర్పణం యమభీష్మయోః" అన్నారు. యముడికీ భీష్ముడికీ మాత్రం అందరూ వదలవచ్చు. మా నాన్నగారు మెట్ల మీద నా తువ్వాలు పట్టుకుని కూర్చునుండగానే వదిలాను. "అపుత్రాయ" దగ్గర నాకు గొంతు పెగల్లేదు.

నేను 2003లో మిలిటరీలో చేరి 17 ఏళ్ళు చేశాను. వర్క్‌షాపుల్లో లారీ ఇంజన్లు విప్పి బిగించడమే నా పని. కార్గిల్ యుద్ధం అంతకు నాలుగేళ్ళ ముందే, 1999 జులైలో ముగిసింది. నా మీదికి ఒక్క తూటా రాలేదు. ఆ 17 ఏళ్ళూ నేను నిద్రపోయిన నిద్ర ముందువాళ్ళు పెట్టిన భిక్ష. అందుకే ఆగస్టు 15న బడి పిల్లలు నాకు దండ వేస్తే, తీసి మిలిటరీ పెదనాన్న గారి మెడలో వేసి కాళ్ళకు దణ్ణం పెడతాను.

ఆయన 1971 డిసెంబరులో పాకిస్తాన్ సరిహద్దులో షకర్‌గఢ్ వైపు యుద్ధం చేశారు. ఎవరడిగినా మాట మార్చేస్తారు. కిందటేడు అంతర్వేది తీర్థానికి వెళ్తూ పంటు పడవ మీద వశిష్ఠ గోదావరి దాటుతుంటే, రెయిలింగు పట్టుకుని తనంతట తానే మొదలుపెట్టారు.

"పక్కనున్న కుర్రాడికి పొట్టలో షెల్లు ముక్క దిగిందిరా. నీళ్ళు, నీళ్ళు అన్నాడు. పొట్టలో దెబ్బకి నీళ్ళు పట్టకూడదని మాకు నేర్పారు. రుమాలు తడిపి పెదాలకి అద్దాను. తెల్లారేదాకా అద్దుతూనే ఉన్నాను. పెళ్ళి కూడా కాలేదు వాడికి."

కాసేపాగి, "ఇన్ని నీళ్ళు చూస్తే వాడే గుర్తొస్తాడు" అన్నారు.

భీష్ముడంటే ప్రతిజ్ఞ చెప్పుకుంటాం, ధర్మబోధ చెప్పుకుంటాం. ఆయన దాహం గురించి తక్కువ. అంపశయ్య మీద పడ్డాక ఆయన అడిగింది నీళ్ళు. రాజులు చల్లని కుండలు తెస్తే వద్దన్నాడు. అర్జునుడు బాణంతో నేల చీల్చి ధార పైకి తెప్పించాడు. ఆ శయ్య మీదే 58 రాత్రులు గడిచేదాకా ప్రాణం నిలబెట్టుకున్నాడు. ఆయన పేరున మన చేత నీళ్ళే ఇప్పించారంటే, పెద్దలకి ఆ దాహం గుర్తుందనే నేననుకుంటాను.

ఈసారి పెదనాన్న గారిని కూడా రేవుకి తీసుకొచ్చాను. ఆ కుర్రాడికి నేను వదలకూడదు, నాన్నగారున్నారు. పెదనాన్న గారే వదిలారు. గోత్రం తెలియదంటే కాశ్యప గోత్రం చెప్పించారు పురోహితుడు గారు. పేరు మాత్రం యాభై ఏళ్ళు దాటినా ఆయన తడుముకోలేదు. చేతులు వణుకుతుంటే కింద నా చేతులు ఆనించి పట్టుకున్నాను. మూడుసార్లు నీళ్ళు జారాయి. అయిపోయిందండీ అన్నారు పురోహితుడు గారు.

పెదనాన్న గారు వంగి మళ్ళీ దోసిలి నింపుకున్నారు.