కొట్టివేసిన పేరు

మా వార్డు నర్సుల వచ్చే నెల డ్యూటీ చార్టులో దసరా రాత్రి గడిలో ఎవరిదో పేరు కొట్టివేసి నా పేరు రాశారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. సాయంత్రం గోడమీద చూసి తెలుసుకున్నాను. "పండుగనాడు కూడా నైటేనా?" అని అత్తయ్యగారు అడిగితే బదులివ్వకుండా గదిలోకి వచ్చేశాను. మూడో మంచం పిల్లవాడు ఈ ఉదయం తన కాళ్లమీద నడుచుకుంటూ ఇంటికి వెళ్లిన సంతోషం కూడా ఈ చిరాకులో నిలవలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఉన్న హెడ్ నర్సు మేడమ్ నాకు అందరికన్నా ఎక్కువ నైట్లు వేసేవారు. అయితే చార్టు రాసేటప్పుడు మమ్మల్నందరినీ టేబుల్ చుట్టూ చేర్చి, ఎవరింట్లో పసిబిడ్డ ఉన్నదో, కిందటి పండుగకు ఎవరు పనిచేశారో పైకి చదివి, "ఈసారి నీకు మూడు ఎక్కువ పడుతున్నాయమ్మా, ఉగాదికి నిన్ను కదిలించను" అని అందరి ముందూ చెప్పేవారు. అన్నట్టే ఉగాదికి కదిలించలేదు. ఆవిడ ఉన్నంతకాలం, రిలీవర్ రాకపోతే మరో గంట ఆగడం నాకు భారమనిపించలేదు. ఇప్పుడు గడియారం చూసుకుంటున్నాను.

జీతం లెక్కించే పద్ధతి మారి ఆదాయం తగ్గిన నర్సులలో నిద్రలేమి పెరిగిందనీ, సిబ్బందితో మర్యాదగా మాట్లాడి కారణాలు వివరించేలా పై అధికారులకు శిక్షణ ఇచ్చిన చోట ఆ బాధ తగ్గిందనీ జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే పరిశోధకుడు 2006లో ప్రచురించారు. ఈ వేళప్పుడు మేలుకొని ఉన్న నాకు అది అక్షరాలా నిజమనిపిస్తోంది. ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే దసరా నైటు సంతోషంగానే చేసేదాన్ని.

ఇంతవరకు రాశాక, మా వార్డులోనే అవుట్‌సోర్సింగ్‌లో పనిచేసే అమ్మాయి గుర్తుకొచ్చింది. నేను పెట్టే సెలైన్లే ఆమె పెడుతుంది, నేను చేసే ఇంజెక్షన్లే చేస్తుంది. జీతం మాత్రం నాకన్నా చాలా తక్కువ, అదీ నెలల తరబడి ఆలస్యం. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016 అక్టోబరులో పంజాబ్ ప్రభుత్వ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత మర్యాదగా వివరించినా ఆ వివరణతో ఆమె ఇంటద్దె కట్టలేదు. ఒక్క మాట చాలునన్నది, ఒకటో తారీఖున జీతం అందుకునే నాబోటివారికే చెల్లుతుంది.

పండుగ డ్యూటీల లెక్క అందరికీ కనిపించేచోట పెట్టమని రేపు ఇప్పటి హెడ్ నర్సు మేడమ్‌ను అడుగుతాను. ఆ అమ్మాయి జీతం బకాయిల విషయం యూనియన్ సమావేశంలో నేనే ఎత్తుతాను. తాను నోరెత్తితే కాంట్రాక్టు పొడిగించరన్న భయం ఆమెకున్నది, నాకు లేదు.