ప్రింట్‌కే పెడితే మాయమయ్యే బగ్

లినక్స్ డ్రైవర్‌లో రేస్ (రెండు పనుల వరుస తారుమారైతే వచ్చే తప్పు) ఉందని అనుమానం రాగానే చాలామంది చేసే పని, నాలుగు చోట్ల ప్రింట్‌కే (కెర్నల్‌లో మెసేజ్ ప్రింట్ చేసే ఫంక్షన్) పెట్టి చూడటం. పెట్టగానే బగ్ పోతుంది, తీసేస్తే మళ్లీ వస్తుంది. ఎంత చిరాకు పుట్టినా అది పనికొచ్చే ఆధారమే. ప్రింట్‌కే లోపల లాకులున్నాయి, దానికి పట్టే టైమూ ఎక్కువే, కాబట్టి అది పెట్టగానే పనుల టైమింగ్ మారిపోతుంది. అంటే మనం వెతుకుతున్నది లాజిక్‌లో తప్పు కాదు, రెండు పనుల మధ్య వరుసలో తప్పు.

ఈమధ్య నేను చూసిన కేసు చెప్తాను. వేరే టీమ్ నుంచి మా దగ్గరికి వచ్చిన నెట్‌వర్క్ డ్రైవర్ అది. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల రకం) మెషీన్ల మీద ఏళ్ల తరబడి ఏ ఫిర్యాదూ లేకుండా నడిచింది. ఆర్మ్64 అనే వేరే రకం ప్రాసెసర్ ఉన్న బోర్డు మీదికి తెచ్చాక, ట్రాఫిక్ బాగా ఉన్నప్పుడు ఎప్పుడో ఒక ప్యాకెట్‌కి పొడవు తప్పు వచ్చేది. చెక్‌సమ్ (డేటా చెడిందేమో పట్టించే లెక్క) తప్పి ప్యాకెట్ పడిపోయేది, అంతే. క్రాష్ లేదు, వార్నింగ్ లేదు.

వచ్చే ప్యాకెట్ల కోసం డివైస్ (నెట్‌వర్క్ కార్డు), డ్రైవర్ కలిసి చుట్టూ తిరిగి వాడుకునే స్లాట్ల వరుసే రిసీవ్ రింగ్. అందులో ఒక్కో డిస్క్రిప్టర్ (ఒక ప్యాకెట్ వివరాలుండే స్లాట్) 16 బైట్లు: బఫర్ అడ్రస్, పొడవు, స్టేటస్. డివైస్ ముందు పొడవు రాసి, ఆ తర్వాత స్టేటస్‌లో పని అయిందని చెప్పే డన్ బిట్ పెడుతుంది. డ్రైవర్ స్టేటస్ చదువుతుంది, డన్ బిట్ లేకపోతే లూప్ నుంచి బయటికి వస్తుంది, ఉంటే పొడవు చదువుతుంది. చదివితే ఏ లోపమూ కనిపించని కోడ్.

ప్రింట్‌కే బదులు ప్రతి సీపీయూకీ ఒక చిన్న బఫర్ పెట్టి, చదివిన స్టేటస్, పొడవు రెండూ అందులో వేసుకుంటూ పోయాను. పొడవు అనుమానంగా ఉంటే అదే చోట ఇంకోసారి చదివి అదీ రాసుకోమన్నాను. దొరికింది! మొదటిసారి వచ్చిన పొడవు, రింగ్ కిందటి చుట్టులో అదే స్లాట్‌లో ఉన్న పాత ప్యాకెట్‌ది. రెండోసారి చదివితే సరైనదే వచ్చింది. డివైస్ తప్పేమీ లేదు, మనమే ముందుగా చదివేశాం. డిస్‌అసెంబ్లీ (కంపైలర్ తయారుచేసిన మెషీన్ కోడ్) తీసి చూస్తే రెండు లోడ్లూ (మెమరీ నుంచి చదవడాలు) కోడ్‌లో ఉన్న వరుసలోనే ఉన్నాయి. కాబట్టి కంపైలర్ పని కూడా కాదు, సీపీయూ చేసింది.

మధ్యలో ఇఫ్ ఉందిగా, అది ఆపదా అనిపిస్తుంది. ఆపదు. కండిషన్ తేలకుండా దాని తర్వాతి స్టోరు (మెమరీలో రాయడం) బయటికి కనపడదు గానీ, లోడ్‌కి ఆ కట్టుబాటు లేదు. బ్రాంచ్ ఎటు పోతుందో ఊహించి సీపీయూ పొడవుని ముందే తెచ్చేసుకోవచ్చు. డిస్క్రిప్టర్ మొత్తం ఒకే క్యాష్ లైన్‌లో (సీపీయూ మెమరీ నుంచి ఒకేసారి తెచ్చుకునే ముక్క) ఉన్నప్పుడు ఇదెలా కుదురుతుందని టీమ్‌లో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. పొడవు చదివే క్షణానికి లైన్ పాతది. వెంటనే డివైస్ రాయడంతో ఆ కాపీ చెల్లకుండా పోయింది. స్టేటస్ చదివేసరికి కొత్త లైన్ వచ్చింది. లైన్ ఒకటే, చదివిన క్షణాలు మాత్రం వేరు. ఎక్స్86లో మామూలు మెమరీ మీద ఒక లోడ్ ఇంకో లోడ్‌ని దాటినట్టు ప్రోగ్రామ్‌కి కనపడదు, అందుకే అక్కడ ఇన్నేళ్లూ బయటపడలేదు.

మందు ఒక్క లైను: స్టేటస్ చూశాక, పొడవు చదవకముందు డీఎంఏ_ఆర్ఎంబీ. డివైస్‌తో పంచుకునే మెమరీలో ముందటి లోడ్ అయ్యాకే తర్వాతి లోడ్ జరిగేలా చూసే బారియర్ అది.

దీని మీద చర్చ మాత్రం చాలాసేపు నడిచింది. స్పిన్‌లాక్ (ఒకసారికి ఒక్క సీపీయూనే లోపలికి రానిచ్చే లాక్) పెడదామన్నారు. లాక్ గురించి డివైస్‌కి ఏం తెలుసు? పైగా లాక్ తీసుకోవడం ఆ రెండు లోడ్లకీ ముందే అయిపోతుంది, వాటి మధ్య వరుసకి అది చేసేదేమీ లేదు. వోలటైల్ (సీ భాషలో వేరియబుల్‌కి పెట్టే గుర్తు) అన్నారు. అది కంపైలర్‌ని ఆపుతుంది, సీపీయూని కాదు. ఎస్ఎంపీ_ఆర్ఎంబీ అనే ఇంకో బారియర్ చాలదా అన్నారు. అది సీపీయూల మధ్య వ్యవహారం కోసం పెట్టింది. ఒకే సీపీయూ కోసం బిల్డ్ చేసిన కెర్నల్‌లో కంపైలర్‌ని మాత్రమే ఆపే బారియర్‌గా మిగిలిపోతుంది, డివైస్ మాత్రం అప్పుడూ పక్కనే రాస్తూ ఉంటుంది.

లినక్స్ 5.8లో, అంటే 2020లో వచ్చిన కేసీశాన్ నాకు చాలా ఇష్టమైన టూల్. రెండు థ్రెడ్లు ఒకే చోట తగువుపడితే చక్కగా పట్టిస్తుంది. కానీ ఇలాంటి కేసులో డివైస్ వైపు నుంచి జరిగేది దానికి నేరుగా కనపడదు. అందుకని కెర్నల్ సోర్స్‌లోనే ఉన్న మెమరీ మోడల్‌ని (ఏ వరుసలు సాధ్యమో చెప్పే నియమాలు) హెర్డ్7 అనే టూల్‌తో నడిపాను. ఆ మోడల్‌లో డివైస్ అనేదే లేదు కాబట్టి దాన్ని ఇంకో సీపీయూగా ఊహించుకుని చిన్న లిట్మస్ టెస్ట్ (ఒక తప్పు ఫలితం రావచ్చా అని అడిగే బుల్లి ప్రోగ్రామ్) రాశాను. బారియర్ లేకుండా "సమ్‌టైమ్స్" (తప్పు ఫలితం రావచ్చు) అంది, పెట్టాక "నెవర్" (ఎప్పుడూ రాదు) అంది. బోర్డు మీద రాత్రంతా టెస్ట్ నడిపి ఫెయిల్ కాలేదని చెప్పడం కంటే, రివ్యూలో ఆ రెండు ఫలితాలు పక్కపక్కన చూపించడం నాకు ఎక్కువ ధైర్యాన్నిచ్చింది.

బారియర్ పక్కన కామెంట్ లేకపోతే చెక్‌ప్యాచ్ (కెర్నల్ ప్యాచ్‌లను పరీక్షించే స్క్రిప్ట్) వార్నింగ్ ఇస్తుంది. మేం ఇలా రాశాం: "డన్ బిట్ కనపడ్డాకే పొడవు చదవాలి. డివైస్ వీటిని రాసే వరుసకి ఇది జోడీ." ఆ కామెంట్ రాస్తుండగానే ప్యాకెట్లు పంపే ట్రాన్స్‌మిట్ వైపు గుర్తొచ్చింది. అక్కడ డిస్క్రిప్టర్ నింపడానికీ ఓన్ బిట్ (ఇక ఇది డివైస్‌దే అని చెప్పే బిట్) పెట్టడానికీ మధ్య బారియర్ ఏమీ లేదు. డోర్‌బెల్ కొట్టే (కొత్త పని ఉందని డివైస్‌కి చెప్పే) రైట్‌ఎల్ ఫంక్షన్‌లో బారియర్ ఉంది కదా అని వదిలేసినట్టున్నారు. కానీ కిందటి డోర్‌బెల్‌తో డివైస్ అప్పటికే రింగ్ చదువుతూ ఉంటే, సగం నిండిన డిస్క్రిప్టర్‌నే తీసుకోవచ్చు. అక్కడ డీఎంఏ_డబ్ల్యూఎంబీ (స్టోర్ల వరుస కాపాడే బారియర్) పెట్టి, దాన్ని వేరే ప్యాచ్‌గా పంపాను.