డాల్‌గ్లిష్ తప్పుకున్న శుక్రవారం

ఈ రోజు సెలవు. మధ్యాహ్నం బట్టలు మడత పెడుతూ 1991 ఫిబ్రవరి 20 నాటి ఎవర్టన్, లివర్‌పూల్ ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టుకున్నాను, ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్‌లోది. లివర్‌పూల్ నాలుగుసార్లు ఆధిక్యంలోకి వెళ్లింది, నాలుగుసార్లూ ఎవర్టన్ సమం చేసింది. 4-4. గోల్స్ కోసమే మొదలుపెట్టినా, కాసేపటికి నా మనసంతా లివర్‌పూల్ మేనేజర్ కెన్నీ డాల్‌గ్లిష్ మీదికే పోయింది. తర్వాత ఏం జరిగిందో తెలుసు కదా. రెండు రోజులకు, శుక్రవారం నాడు, అతను రాజీనామా చేశాడు. అప్పటికి జట్టు లీగ్ పట్టికలో అగ్రస్థానంలో ఉంది. అతనికి ఇంకా నలభై నిండలేదు.

1977లో లివర్‌పూల్ ఫార్వర్డ్ కెవిన్ కీగన్ జర్మన్ క్లబ్ హాంబర్గ్‌కు వెళ్లిపోతే, ఆ లోటు పూడ్చడానికి స్కాట్లాండ్ క్లబ్ సెల్టిక్‌కు 4,40,000 పౌండ్లు చెల్లించి డాల్‌గ్లిష్‌ను తెచ్చుకున్నారు. మొదటి సీజన్‌లోనే యూరోపియన్ కప్ ఫైనల్‌లో క్లబ్ బ్రూజ్‌పై గెలిపించిన ఏకైక గోల్ అతనిదే. లివర్‌పూల్‌కు మొత్తం 515 మ్యాచ్‌లు, 172 గోల్స్. నాకు మాత్రం గోల్స్ కన్నా అతను బంతిని కాపాడుకునే తీరే ఇష్టం. డిఫెండర్‌ను వీపుతో ఆపి, సహచర స్ట్రైకర్ ఇయాన్ రష్ పరుగు మొదలుపెట్టేదాకా బంతిని తన దగ్గరే ఉంచుకునేవాడు. ఆ ఓపిక ఎంతసేపు చూసినా తనివి తీరదు.

1985లో, బ్రస్సెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ ఆడిన ఫైనల్‌కు ముందు 39 మంది చనిపోయిన వెంటనే, ఆటగాడిగా ఉంటూనే మేనేజర్ అయ్యాడు. నిన్నటిదాకా పక్కన కూర్చుని బూట్లు కట్టుకున్నవాళ్లకు, ఈ వారం నీకు చోటు లేదని చెప్పాలి. ఆ సీజన్‌లో అతను చాలాసార్లు తన పేరే పక్కన పెట్టి పాల్ వాల్ష్‌ను ఆడించాడు. అంత బాగా ఆడగల మనిషి ఆ పని చేయడం నాకు గొప్పగా తోస్తుంది. మళ్లీ చివరి వారాల్లో దిగి, 1986 మే 3న చెల్సీ మైదానం స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో సహచరుడు జిమ్ బెగ్లిన్ ఇచ్చిన బంతిని ఛాతీతో దించుకుని, నేల తాకకముందే గోల్‌లోకి కొట్టాడు. చెల్సీపై 1-0, దానితో లీగ్ వచ్చేసింది. వారం తర్వాత ఎఫ్ఏ కప్ కూడా.

ఈ ఆనందం దగ్గర ఆగిపోతే బాగుండేది, కానీ 1989 ఏప్రిల్ 15 ఉంది. హిల్స్‌బరో. షెఫీల్డ్‌లోని ఆ స్టేడియంలో లివర్‌పూల్ సెమీఫైనల్ రోజున జరిగిన తొక్కిసలాట 97 మంది అభిమానుల ప్రాణాలు తీసింది. డాల్‌గ్లిష్ పన్నెండేళ్ల కొడుకు పాల్ కూడా ఆ రోజు స్టేడియంలోనే ఉన్నాడు. క్షేమంగా కనిపించేదాకా ఆ తండ్రి ప్రాణం ఎలా కొట్టుకుందో. తర్వాత ఆస్పత్రులకు వెళ్లాడు, బాధిత కుటుంబాలతో కూర్చున్నాడు. ఒకే రోజు నాలుగు అంత్యక్రియలకు హాజరయ్యాడు. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్ గేట్లు జనం కోసం తెరిచి ఉంచితే, పచ్చిక పూలతో నిండిపోయింది. హిల్స్‌బరోకు ముందు హేసెల్, దానికి ముందు 1971లో తొక్కిసలాట జరిగిన గ్లాస్గో స్టేడియం ఐబ్రాక్స్: మూడు చోట్లా అతను అక్కడే ఉన్నాడు. ఒక్క మనిషి ఇంత చావు చూడవలసి రావడం అన్యాయమని ఈ రోజు మళ్లీ అనిపించింది.

అయినా పని ఆపలేదు. 1990లో మళ్లీ లీగ్ గెలిచాడు. ఆ క్లబ్‌కు తర్వాతి లీగ్ టైటిల్ రావడానికి 30 ఏళ్లు పట్టింది. కానీ లోపల అతను కుంగిపోతున్నాడు. ఒంటి మీద దద్దుర్లు వచ్చేవి, నిర్ణయం తీసుకోవడం కష్టమయ్యేది. ఆ 4-4 మ్యాచ్‌లో రక్షణ శ్రేణిని మార్చాలని తెలిసి కూడా మార్చలేకపోయానని తర్వాత చెప్పుకున్నాడు. అందుకే ఆ మ్యాచ్‌ను నేనిక మామూలు వినోదంగా చూడలేను. అలా వెళ్లిపోవడాన్ని పలాయనం అనేవాళ్లతో నేను ఒప్పుకోను. అలసిపోయానని ఒప్పుకున్న మనిషికి అప్పుడు కావలసింది విశ్రాంతి.

2011 జనవరిలో క్లబ్ పిలిస్తే మళ్లీ వచ్చాడు. 2012లో లీగ్ కప్ తెచ్చాడు గానీ, లీగ్‌లో ఎనిమిదో స్థానం వచ్చేసరికి మే నెలలో తీసేశారు. ఈ రెండో విడతలో నాకు నచ్చనిది ఒకటుంది. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు పాట్రిస్ ఎవ్రాను జాతి పేరుతో దూషించినందుకు లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ సువారెజ్‌పై 8 మ్యాచ్‌ల నిషేధం పడితే, జట్టంతా అతని బొమ్మ ఉన్న చొక్కాలు వేసుకుంది, డాల్‌గ్లిష్ కూడా. తన ఆటగాడిని కాపాడుకోవాలన్న తపన అర్థమవుతుంది, కానీ ఆ చొక్కాలు తప్పు. అతనంటే ఎంత అభిమానమున్నా ఈ మాట అనకుండా ఉండలేను.

2017లో ఆన్‌ఫీల్డ్‌లోని ఒక స్టాండ్‌కు కెన్నీ డాల్‌గ్లిష్ పేరు పెట్టారు. ఇలాంటి గౌరవాలు సాధారణంగా మనిషి పోయాక వస్తాయి. అతను కళ్లారా చూసుకునేలా పెట్టినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. రేపు వీలైతే 1986 ఎఫ్ఏ కప్ ఫైనల్ చూడాలి.