ముందు అంచు

"ముందు చుట్టూ గీత గియ్యి బాబూ. మనుషులు తర్వాత" అన్నాడు సవర తాత, నా స్కెచ్‌బుక్‌లోకి తొంగి చూసి. ఇవాళ పర్లాకిమిడి సంతలో, చింతపండు బుట్టల పక్కన.

సవర గిరిజనులు ఇంటి గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మల్లో అంచు నుంచే లోపలికి గీసుకుంటూ వస్తారు. ఎర్రమట్టి గోడ, బియ్యప్పిండి తెలుపు, కుంచెకి వెదురుపుల్ల. నా పెన్నుల ఖర్చు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

యూనివర్సిటీలో ఇలస్ట్రేషన్ సార్ కూడా ముందు చిన్న గడులే గీయించి, వాటిలో చిత్తుబొమ్మలు వేయిస్తారు, థంబ్‌నెయిల్స్ అని. బోర్ కొట్టేది.

"ఈ బొమ్మ ఎవరి కోసం?" అనీ సార్ అడుగుతుంటారు. నేను నసుగుతాను. ఇడితాల్ వేసేవాళ్లకి ఆ టెన్షన్ లేదు. ఇంట్లో జబ్బు చేసినవాళ్ల కోసమో, పోయిన పెద్దల కోసమో వేస్తారు.

మామయ్యేమో ఇంకా "ఉద్యోగం వస్తాదా?" దగ్గరే ఉన్నాడు.